సెల్ఫ్ పడడం లేదా? బ్యాటరీ కొనేముందు ఇవి చూడండి

పోయిన వానాకాలం ఓ రాత్రి తెనాలి స్టేషన్ పార్కింగ్‌లో నా స్కూటర్ సెల్ఫ్ పడలేదు. బటన్ నొక్కితే లోపల రిలే ‘టక్’ మంటోంది, అంతే. హారన్ జలుబు చేసిన గొంతులా ఉంది. మెకానిక్ బ్యాటరీ పోయిందంటే మార్పించాను. పది రోజులకు మళ్లీ అదే కథ. ఆదివారం నేనే విప్పి చూశాను. బ్యాటరీ నెగెటివ్ వైరును ఛాసిస్‌కి బిగించిన బోల్టు కింద ఎర్రగా తుప్పు. ఉప్పుకాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, మళ్లీ గట్టిగా బిగించాను. ఒక్క నొక్కుకే బండి స్టార్టయింది. పాత బ్యాటరీలో ఏ లోపమూ లేదని అప్పుడు అర్థమైంది.

అందుకే ముందు ఏవి పనిచేస్తున్నాయో చూడండి. నాది 2015 మోడల్. ఆ కాలం బండ్లలో చాలావాటికి హెడ్‌లైట్ కరెంటు నేరుగా మాగ్నెట్ కాయిల్ (ఇంజన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే చుట్ట) నుంచి వస్తుంది. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు, సెల్ఫ్ మాత్రం బ్యాటరీ మీద నడుస్తాయి. కిక్ కొట్టాక హెడ్‌లైట్ బాగా వెలుగుతూ హారన్ మోగకపోతే ఫ్యూజు, టెర్మినళ్లు, ఎర్త్ (నెగెటివ్ వైరు ఛాసిస్‌కి కలిసే చోటు) చూడాలి. ఐడ్లింగ్‌లో హెడ్‌లైట్ మసకబారి, రేజ్ చేస్తే పెరగడం ఈ బండ్లలో మామూలే.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. డీసీ 20 మీద పెట్టి, ఇంజన్ ఆపిన కాసేపటికి బ్యాటరీ చూడండి. 12.6 వోల్టుల దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 కంటే దిగితే ఛార్జింగ్ తక్కువైనట్టు. ఇంజన్ రేజ్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్యకి రావాలి. అసలు పెరగకపోతే కొత్త బ్యాటరీ వేసినా నిలవదు. కాయిల్, రెగ్యులేటర్ (వోల్టేజీని అదుపులో ఉంచే భాగం) చూపించాలి. 15 దాటితే రెగ్యులేటర్ పాడైనట్టే, బల్బులు మాడిపోతాయి.

ఎర్త్‌లో లోపం పట్టుకోవడానికి ఇలా చేయండి. మీటర్ పుల్ల ఒకటి బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజన్ ఇనుము మీద ఆనించి, పక్కవాళ్లని సెల్ఫ్ నొక్కమనండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఆ దారిలో ఎక్కడో తుప్పో, లూజో ఉంది. ఇది ముందే తెలిసుంటే నాకు బ్యాటరీ ఖర్చు మిగిలేది.

టెర్మినల్ విప్పేటప్పుడు తాళం తీసేసి, నెగెటివ్ ముందు విప్పండి. బిగించేటప్పుడు అది ఆఖర్న. తెల్లటి పొడి పట్టి ఉంటే వంటసోడా కలిపిన వేడినీళ్లలో ముంచిన బ్రష్‌తో రుద్ది, ఆరాక వ్యాసలీన్ పూయండి. ఫ్యూజు పోతే అదే ఆంపియర్‌ది వేయండి. దయచేసి రాగి తీగ చుట్టకండి, వైరింగ్ మొత్తం కాలిపోతుంది.

హారన్ గట్టిగా మోగుతున్నా సెల్ఫ్ పడక, బ్రేక్ లైటు కూడా వెలగకపోతే బ్రేక్ లీవర్ దగ్గరి స్విచ్ అనుమానించండి, బ్రేకు పట్టినట్టు అది చెబితేనే సెల్ఫ్ పడుతుంది. రెండో బ్రేకు పట్టుకుని నొక్కి చూడండి. ఇండికేటర్ ఒకవైపే గబగబా కొట్టుకుంటే ఆ వైపు బల్బొకటి పోయినట్టు. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా లైటు ఆరి వెలుగుతుంటే మెడ దగ్గర వైరు లోపల తెగి ఉంటుంది. పైన టేపు చుట్టి వదిలేయనివ్వకండి, ఆ ముక్క తీసేసి కొత్త వైరు వేయించండి.