ముందు సెక్షన్, తర్వాతే ఫొటో

పేరున్న బిల్డింగు ఏదైనా సరే, నెట్‌లో వెతికితే ముందు కనబడేది పొద్దుగూకే వేళ తీసిన ఫొటో. ఆకాశం ముదురు నీలం, లోపల లైట్లన్నీ వెలుగుతుంటాయి, మనిషన్నవాడు ఉండడు. ఆ వేళకి తీస్తే గోడౌన్ కూడా అందంగానే పడుతుంది. నేను వర్కింగ్ డ్రాయింగులు, అంటే కట్టేవాళ్లు చూసి కట్టే బొమ్మలు, గీసి బతికేదాన్ని. అంచేత ఫొటో జోలికి పోకుండా ముందు సెక్షన్ వెతుక్కుంటాను. ఆర్కిటెక్చర్ చదవనివాళ్లకి కూడా ఇది పట్టుబడే పనే. తెల్లకాగితం, రెండు రంగుల పెన్సిళ్లు ఉంటే చాలు.

బిల్డింగుని గుమ్మడికాయలా నిలువునా కోసి, కోసిన ముఖాన్ని ఎదురుగా నిలబడి చూస్తే కనబడే బొమ్మే సెక్షన్. బిల్డింగు పేరు పక్కన 'సెక్షన్' అని కొట్టి వెతకండి, పేరున్నవాటికి చాలామటుకు దొరుకుతుంది. అందులో లావుగా, నల్లగా ఉన్నవన్నీ కోత పడిన భాగాలు: గోడలు, శ్లాబులు, పునాది. సన్న గీతలు ఆ వెనకాల కనబడేవి. ముందు లావు గీతల మీదే వేలు పెట్టి నడపండి. సన్నవాటి సంగతి తర్వాత.

మొదటి బొమ్మగా బుర్కినా ఫాసోలోని గాండో ఊరి బడి తీసుకోమంటాను. ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కెరె బెర్లిన్‌లో చదువుకుంటూనే చందాలు పోగుచేసి తన సొంత ఊళ్లో కట్టించిన బడి ఇది. 2001లో పూర్తయింది. 2022లో ఆయనకి ఆర్కిటెక్చర్‌లో పెద్దదైన ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చాక దీని ఫొటోలు చూడనివాళ్లు తక్కువ. ఫొటోలో చూస్తే మట్టిరంగు గోడలు, పైన గాల్లో తేలుతున్నట్టున్న రేకు కప్పు. స్టైలుగా ఉందే అనుకుని ముందుకి పోతాం. పోకుండా కూర్చుని గీయండి.

కాగితం అడుగున అడ్డగీత, అది నేల. దాని మీద రెండు లావు గోడలు. కొంచెం సిమెంటు కలిపి, అచ్చులో నొక్కి చేసిన మట్టి ఇటుకలవి. గోడల మీద అడ్డంగా కాంక్రీటు దూలాలు, ఆ దూలాల మీద మళ్లీ మట్టి ఇటుకలే పేర్చిన సీలింగు. ఆ ఇటుకల మధ్య సందులు వదలండి, మర్చిపోవద్దు. దానిపైన బాగా ఖాళీ విడిచి, ఇనప చువ్వలతో అల్లిన ట్రస్సు, అంటే కప్పుని మోసే చట్రం, ట్రస్సు మీద రేకు. రేకు అంచు గోడల్ని దాటి రెండు పక్కలా బయటికి రావాలి.

ఇప్పుడు రెండో రంగు పెన్సిలు తీసి గాలికి బాణాలు వెయ్యండి. రేకుని నేరుగా గోడల మీద పరిస్తే, ఎండ కాసిన ఆ వేడంతా గదిలోకే దిగుతుంది. ఇక్కడ రేకుకీ సీలింగుకీ మధ్య గాలి ఆడుతుంది కాబట్టి అక్కడి వేడి అక్కణ్ణుంచే పోతుంది. పోతూ పోతూ సీలింగు సందుల్లోంచి గదిలోని వేడిగాలిని కూడా పైకి లాక్కుంటుంది. అలా పోయిన గాలి బదులు గదిలోకి కిటికీల గుండా కొత్తగాలి వస్తుంది. ముందుకొచ్చిన రేకు అంచు మట్టిగోడ మీద వాన పడకుండా కాస్తుంది, నీడా ఇస్తుంది. ట్రస్సు చువ్వలు కాంక్రీటులో వేసే మామూలు చువ్వలే. చేతి రంపం, చిన్న వెల్డింగ్ మెషిన్ ఉంటే ఊళ్లోవాళ్లే కోసి అతకగలిగేలా డిజైన్ చేశాడు. అంతా గీశాక ఫొటో మళ్లీ తెరవండి. తేలుతున్నట్టున్న ఆ కప్పు ఎందుకలా ఉందో వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

గాలి తర్వాత బరువు సంగతి చూడండి. పై అంతస్తు బరువు ఏ దారిన నేలకి దిగుతోందో వేలితో కిందికి నడపాలి. దీనికి జపాన్‌లోని సెండాయ్ మీడియాటెక్ మంచిది. లైబ్రరీ, గ్యాలరీలు ఉన్న బిల్డింగు ఇది. టోయో ఇటో డిజైన్, 2001లో తెరిచారు. మామూలు స్తంభాలకి బదులు, ఉక్కు గొట్టాలతో బుట్టలా అల్లిన 13 ట్యూబులు ఏడు అంతస్తుల్నీ పొడుచుకుంటూ పోతాయి. అవి బోలుగా ఉంటాయి గనక కొన్నింట్లో లిఫ్టులు, మెట్లు పెట్టారు, మిగతావాటిలోంచి వెలుతురు, గాలి, పైపులు వెళ్తాయి. 2011 భూకంపంలో పై అంతస్తు సీలింగు కొంత ఊడిపడిందిగానీ ఈ అస్థిపంజరం నిలబడింది. దీని సెక్షన్‌లో మామూలు నిటారు స్తంభం దొరకదు, అదే సరదా.

పైపులూ, గాలి వెళ్లే డక్టులూ ఎక్కడ దాచారో కూడా వెతకండి. పారిస్‌లో మ్యూజియం, లైబ్రరీ ఉన్న పాంపిడూ సెంటర్‌లో (1977) వెతికే శ్రమ లేదు. అన్నీ బయటే వేలాడదీశారు: గాలికి నీలం, నీళ్లకి ఆకుపచ్చ, కరెంటుకి పసుపు, మనుషులు కదిలే చోట్లకి ఎరుపు. అలా బయటికి నెట్టేశారు కాబట్టే లోపల ప్రతి అంతస్తూ సుమారు 48 మీటర్ల వెడల్పున ఒక్క స్తంభం లేకుండా ఉంది. దాన్ని చూసి, ఉత్త అలంకారానికి పైపులు బయట పెట్టిన బిల్డింగులంటే నాకు పడదు.

ఇక ప్లాన్, అంటే బిల్డింగుని అడ్డంగా కోసి పైనుంచి చూసిన బొమ్మ, తియ్యండి. తీసీ తియ్యగానే ఉత్తరం బాణం ఎటుందో చూడాలి. భూమధ్యరేఖకి బాగా ఉత్తరాన ఉన్న దేశాల్లో మధ్యాహ్నపు ఎండ దక్షిణం నుంచి పడుతుంది, బాగా దక్షిణాన ఉంటే ఉత్తరం నుంచి. ఇది మర్చిపోతే బొమ్మంతా తిరగబడుతుంది. ఆస్ట్రేలియాలో గ్లెన్ మర్కట్ కట్టిన మాగ్నీ హౌస్ (1984) ఉత్తరం వైపంతా అద్దాలే, దక్షిణం వైపు చలిగాలికి అడ్డంగా ఇటుక గోడ. లండన్‌లో 20 ఫెంచర్చ్ స్ట్రీట్ టవర్‌కి దక్షిణం ముఖాన లోపలికి వంగిన పెద్ద అద్దపు గోడ పెట్టారు. 2013లో అది ఎండనంతా ఒకచోటికి పోగుచేసి వీధిలో ఆగి ఉన్న కారు భాగాల్ని కరిగించింది. మరుసటి ఏడాది ముందర సన్‌షేడ్‌లు బిగించాల్సి వచ్చింది. బాణం, వంపు, రెండూ డ్రాయింగుల్లో కనబడేవే.

ప్లాన్‌లో గది ఎంత పెద్దదో అంకెలు చూస్తే మనసుకి అందదు. ప్లాన్ కింద స్కేల్ బార్, అంటే మీటర్ల గుర్తులున్న చిన్న గీత, ఉంటుంది, కాగితం ముక్క అంచు దానికి ఆనించి 2 మీటర్ల దగ్గర గుర్తు పెట్టండి. అది మంచం పొడుగు. ఆ ముక్కని గది గదికీ జరుపుతూ పోండి. ఫ్రాన్స్‌లోని బోర్డోలో గ్రాండ్ పార్క్ అపార్ట్‌మెంట్లని పడగొట్టకుండా లకటన్, వసాల్ అనే ఆర్కిటెక్టులు 2017లో బాగుచేసిన ప్లాన్ మీద ఇలా చేసి చూడండి. 530 ఫ్లాట్లు. జనం లోపల కాపురం ఉండగానే, బయట వైపు 3.8 మీటర్ల లోతున అద్దాల వరండాలు అతికించారు. 3.8 అంటే మామూలుగా అనిపిస్తుంది. మంచం పొడుగున వేసినా తలవైపో కాళ్లవైపో ఇంకో మంచానికి దాదాపు చోటు మిగులుతుందని కాగితం ముక్క చెబుతుంది. పాత ప్లాన్, కొత్త ప్లాన్ పక్కపక్కన పెట్టుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది.

ఫొటోలు వద్దనను, కానీ తీసిన సంవత్సరం చూడండి. తాళాలు అప్పగించిన రోజుది ఒకటి, జనం చేరి కొన్నేళ్లయ్యాక తీసింది ఒకటి వెతకండి. చిలీలోని ఇకీకేలో అలెహాంద్రో అరవేనా బృందం 2004లో కట్టిన కింటా మన్రాయ్ ఇళ్లకి ఈ రెండూ తేలిగ్గా దొరుకుతాయి. స్థలం, కాలవలు, ఇల్లు అన్నీ కలిపి కుటుంబానికి 7,500 డాలర్ల సర్కారు సొమ్ము, దాంతో మొత్తం ఇల్లు రాదు. అందుకని కుటుంబాలు సొంతంగా కట్టుకోలేని కష్టమైన సగం, అంటే వంటిల్లు, బాత్‌రూమ్, మెట్లు, బరువు మోసే గోడలు ఆ బృందం కట్టిచ్చి, పక్కన ఆ మేరకి ఖాళీ వదిలారు. మొదటి ఫొటోలో ఆ ఖాళీలు పళ్లు ఊడిన వరసలా కనబడతాయి. తర్వాతి ఫొటో ప్రింటు తీసుకుని, మొదట కట్టిన భాగానికి ఒక రంగు, కుటుంబాలు కట్టుకున్నదానికి ఇంకో రంగు వెయ్యండి. కిటికీలు, రంగులు ఏ రెండు ఇళ్లవీ కలవవు కాబట్టి గీత ఎక్కడ గీయాలో సులువుగానే దొరుకుతుంది.