పెద్దవాళ్లలో డిప్రెషన్: ఎవరికి చూపించాలి, మందులు ఎలా వాడాలి

మా మావయ్యగారు గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా చేసేవారు. అత్తయ్య పోయాక ఆయన ఒక్కసారి కూడా దిగులుగా ఉందని అనలేదు. అరగడం లేదనేవారు, ఒళ్లంతా లాగేస్తోందనేవారు, తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చునేవారు. పేపరు ముట్టుకోవడం మానేశారు. పెద్ద వయసులో డిప్రెషన్ చాలామందిలో ఇలా ఒంటి బాధలుగానే బయటపడుతుంది. రెండు వారాలు దాటినా ఇలాగే ఉంటే, వయసైపోయింది కదా అని వదిలేయకండి.

ముందు మామూలు ఫిజీషియన్ దగ్గరికే వెళ్లండి. థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, షుగర్, సోడియం చూస్తారు. థైరాయిడ్ సరిగా పనిచేయకపోయినా, బి12 తక్కువైనా మనిషి ఇలాగే నీరసించి ముభావంగా అయిపోతాడు. వాడుతున్న మందులన్నీ, నాటుమందు పొట్లాలతో సహా, సంచిలో వేసుకుని పట్టుకెళ్లండి. మతిమరుపు ఉంటే అదీ చెప్పండి. అది డిప్రెషన్ వల్ల కావచ్చు, డిమెన్షియా (మెదడు క్షీణించి జ్ఞాపకశక్తి తగ్గిపోయే జబ్బు) మొదలు కావచ్చు, తేల్చాల్సింది డాక్టరే.

ఆ తర్వాత సైకియాట్రిస్ట్. గుంటూరు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ ఉంది. "నేనేమన్నా పిచ్చోణ్ణా?" అని మావయ్యగారు మొరాయించారు. "నిద్ర పట్టట్లేదు కదా మావయ్యా, దానికి చూపించుకుందాం" అన్నాను. అబద్ధమేమీ కాదు. అక్కడ కాసేపు ఆయన్ని డాక్టరుతో ఒంటరిగా వదిలేయండి. కోడలి ముందు చెప్పలేనివి ఉంటాయి.

మందుల సంగతి కాస్త వివరంగా చెప్తాను, చాలా ఇళ్లలో వైద్యం చెడేది ఇక్కడే. సాధారణంగా ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి చిన్న మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఆకలీ నిద్రా రెండూ పోయినవాళ్లకు రాత్రిపూట మిర్టజపిన్ ఇస్తుంటారు. గుణం తెలియడానికి 4 వారాలు, ఒక్కోసారి 8 వారాలు పడుతుంది. వికారం, కడుపులో తిప్పడం మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. దాంతో "ఈ బిళ్లలు పడలేదు" అని మానేస్తారు. మానకండి, డాక్టరుకు ఫోన్ చేయండి. ఈ మందులతో కొందరికి సోడియం పడిపోతుంది, బీపీకి మూత్రం ఎక్కువ పోయే మాత్ర వాడేవాళ్లకు ఆ ముప్పు ఎక్కువ. తికమకగా మాట్లాడినా, తూలినా వెంటనే రక్తపరీక్ష చేయించండి. ఆస్పిరిన్, నొప్పుల బిళ్లలు వాడుతుంటే ముందే చెప్పాలి, రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. బాగయ్యాక కూడా 6 నెలల నుంచి ఏడాది, కొందరికి ఇంకా ఎక్కువ వాడమంటారు.

ఒక మెడికల్ షాపులో చీటీ అడక్కుండానే ఆల్‌ప్రజోలమ్ అనే ఆందోళన తగ్గించే, నిద్ర తెప్పించే బిళ్ల చేతిలో పెట్టారు మాకు. అది డిప్రెషన్‌కు మందు కాదు. అలవాటు పడిపోతుంది, పైగా రాత్రి బాత్‌రూమ్‌కు లేచి పడితే తుంటి విరుగుతుంది. ఇప్పటికే చాన్నాళ్లుగా వాడుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు.

మందులతోపాటు కౌన్సెలింగ్ కూడా పనిచేస్తుంది, తేలికపాటి డిప్రెషన్‌కు కొన్నిసార్లు అదొక్కటే సరిపోతుంది. కౌన్సెలర్ మాకిచ్చిన హోంవర్క్ చాలా చిన్నది: పొద్దున పాల ప్యాకెట్ ఆయనే తేవాలి, సాయంత్రం ఎన్టీఆర్ స్టేడియంలో నడవాలి. ఓపిక వచ్చాక వెళ్తానంటారు. ఓపిక కోసం ఆగకుండా బయల్దేరదీయడమే ఈ పద్ధతి. చెవులు వినపడకపోతే మిషన్ పెట్టించండి, మాటలు అందకే చాలామంది గదిలోంచి బయటికి రారు. గుడికెళ్లు, గీత చదువు అనే బంధువుల ఉపదేశాలను మాత్రం నేను గుమ్మం దగ్గరే ఆపేశాను.

తలకు కాస్త కరెంటు పెట్టి చేసే వైద్యం (ఈసీటీ) అంటే జనానికి హడలు. సినిమాల్లో చూపించినట్టు ఉండదు. మత్తుమందు, కండరాలు వదులయ్యే మందు ఇచ్చి చేస్తారు, అవి లేకుండా చేయడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. తిండీ నీళ్లూ మానేసినవాళ్లకు, చావాలన్న ఆలోచన బలంగా ఉన్నవాళ్లకు ఇది మందులకంటే త్వరగా పనిచేస్తుంది. కొన్నాళ్లు మతిమరుపు ఉండొచ్చు.

"నేను పోతే మీకు పీడ వదులుతుంది" అన్న మాట వినిపిస్తే, చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. మాత్రలు మీ దగ్గరే ఉంచుకుని పూటకింత ఇవ్వండి. పొలం ఉన్న ఇళ్లలో పురుగుమందు డబ్బాలు తాళం వేసిన చోట ఉండాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు, రాత్రిపూట కూడా పలుకుతారు. ఏదైనా మింగారని అనుమానం వస్తే మాత్రం ఆలోచించకుండా 108కి చేయండి.