డాలు మీది అంచు చదవడం ఎలా

డాలు మీద గీసే యూరప్ వంశ చిహ్నాలు చూసేటప్పుడు అందరి కళ్ళూ సింహం మీదికే పోతాయి. నేను మాత్రం అంచు దగ్గర మొదలుపెడతాను. ఒకే వంశంలోని అన్నదమ్ముల డాళ్ళు అచ్చం ఒకేలా ఉంటే, ఏది ఎవరిదో చాలాసార్లు ఆ అంచే చెబుతుంది.

ముందు అంచు ఎక్కడుందో చూడండి. డాలు చివరను ఆనుకుని చుట్టూ తిరిగితే అది బోర్డ్యూర్. కాస్త లోపలికి జరిగి, రెండు పక్కలా డాలు అసలు రంగు కనిపిస్తే ఓర్ల్. ఓర్ల్ సన్నబడి గీతలా మారితే ట్రెషర్. ఇది ఎక్కువగా జంటగానే వస్తుంది. బ్రిటన్ 2008లో తెచ్చిన పౌండు నాణెం మీద డాలు మొత్తం కనిపిస్తుంది. మనకు కుడివైపున్న పై గడిలో స్కాట్లండ్ సింహం చుట్టూ జంట గీత ఉంటుంది. భూతద్దం పెట్టండి: లిల్లీ పూలు ఒకటి లోపలికి, ఒకటి బయటికి తల తిప్పి ఉంటాయి.

తరువాత అంచుకు లోపలివైపు గీత. వంపులన్నీ దానికే. వంపులు కలిసేచోట మొనలు డాలు మధ్యకు చూస్తుంటే ఎన్‌గ్రెయిల్డ్, అంచులోకే తిరిగి ఉంటే ఇన్వెక్టెడ్. తొలిరోజుల్లో ఈ రెండింటినీ నేను తారుమారు చేస్తూనే ఉండేవాణ్ణి. రంగులు ముక్కముక్కకూ మారితే కాంపోనీ; ఇంగ్లండ్ బోఫర్ట్ వంశం వారి వెండి, నీలి అంచు అలాంటిదే.

ఇక అంచు మీది బొమ్మలు. పాత గ్రంథాల్లో పక్షులుంటే ఎనాల్యురాన్, జంతువులుంటే ఎనర్నీ, ఆకులూ పూలూ ఉంటే వెర్డాయ్, ప్రాణం లేని వస్తువులైతే ఎంటాయిర్ అంటారు. సాధారణంగా ఎనిమిది బొమ్మలుంటాయి. చిహ్నం వర్ణనలో లెక్క చెబితే మాత్రం అంతే గీయాలి: పోర్చుగల్ ఎర్ర అంచు మీద కోటలు ఏడే.

ఈ మాటలు పక్షి అని చెబుతాయి గానీ ఏ పక్షో చెప్పవు. ఒకసారి ఓ చిహ్నం వర్ణనలో ఎనాల్యురాన్ అని కనబడగానే ఉత్సాహంగా ఎనిమిది డేగలు గీసేశాను. వాక్యం చివర మార్ట్‌లెట్ అని ఉంది, అంటే పాదాలు లేని చిన్న పిట్ట. పదహారు పాదాలూ చెరిపినా డేగ పిట్ట కాలేదు, కాగితమే మార్చాను. మీరు వర్ణన రాసేటప్పుడు ‘ఎనిమిది మార్ట్‌లెట్లున్న అంచు’ అనే రాయండి.

భార్యాభర్తల చిహ్నాలను ఒకే డాలులో పక్కపక్కన పెట్టినప్పుడు, అంచు మధ్య గీత దగ్గర ఆగిపోతుంది. ఆ గీత వెంట కిందికి లాగకండి.