బానిసత్వంలో కన్నుమూసిన ఆఫ్రికన్ల శ్మశానాన్ని కాపాడే పద్ధతి

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పాత పత్తి తోటల పక్కన బానిసల శ్మశానం ఒకటి ఉందని తెలియగానే, సదుద్దేశంతోనే అయినా, చాలామంది ముందుగా కత్తులు పట్టుకుని పొదలు నరకడానికి పూనుకుంటారు. అది చిట్టచివర చేయవలసిన పని. చెక్కిన రాళ్లు పెట్టుకునే స్తోమత గాని, అవకాశం గాని లేని ఆ మనుషులు పొలంలో దొరికిన మొరటు రాయినే తలవైపు నిలబెట్టారు. కత్తుల్లాంటి ఆకులున్న యక్కా మొక్కనో, నేలంతా పరుచుకునే వింకా తీగనో గుర్తుగా నాటారు. సమాధి మీద గవ్వలు, సీసాలు, పగిలిన పింగాణీ పాత్రలు ఉంచారు. మనకు పిచ్చిమొక్కగా, చెత్తగా కనిపించేదే అక్కడ శిలాఫలకం.

అందువల్ల మొదట చూడాలి. ఆకులు రాలిన చలికాలంలో, ఉదయపు ఎండ ఏటవాలుగా పడే వేళ నడిస్తే, మనిషి పొడవున, ఎక్కువగా తూర్పు పడమరలుగా, నేల కాస్త కుంగిన చోట్లు నీడలతో బయటపడతాయి. లోపలి పెట్టె చివికి మట్టి దిగబడడం వల్ల ఏర్పడిన గుంటలవి. చదును చేయాలనిపించినా పూడ్చకూడదు. ప్రతిదాని పక్కన చిన్న జెండా గుచ్చి, నంబరు వేసి, ఫోటో తీసి, కొలతలతో పటం గీసుకోవాలి. ఆ తరువాత పురావస్తు నిపుణుల చేత భూమిలోకి రాడార్ తరంగాలు పంపే పరికరంతో పరీక్ష చేయించవచ్చు. అది ఎముకలను చూపదు, మట్టి ఒకప్పుడు కదిలిందని మాత్రమే సూచిస్తుంది. బంకమట్టిలోనూ చెట్ల వేళ్ల మధ్యా తడబడుతుంది కూడా.

పేర్ల కోసం వెతకడం ఇంకా కష్టం. 1850, 1860 జనాభా లెక్కల బానిస పట్టికలలో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు తప్ప బానిసల పేర్లు దాదాపు కనబడవు. కాబట్టి పేర్లు నమోదైన 1870 లెక్కల నుంచి వెనక్కి నడుస్తూ, యజమానుల వీలునామాలు, ఆస్తి జాబితాలు, అమ్మకపు పత్రాలు, దగ్గరలోని నల్లజాతి చర్చి పుస్తకాలు, పెద్దల జ్ఞాపకాలు కలిపి చూసుకోవాలి.

ఆ వెతుకులాటలో దొరికే, అక్కడ ఖననమైన వారి వారసులను అతిథులుగా కాక, నిర్ణయాధికారం ఉన్నవారిగా కూర్చోబెట్టాలి. న్యూయార్క్ అనుభవం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. 1991లో మన్‌హట్టన్‌లో ఫెడరల్ కార్యాలయ భవనం కోసం తవ్వుతుండగా ఆఫ్రికన్ల శ్మశానం బయటపడినా పని సాగుతూనే పోయింది. నల్లజాతి ప్రజలు వీధికెక్కితే తప్ప తవ్వకం ఆగలేదు. అప్పటికే తీసిన 419 మంది అవశేషాలను హోవార్డ్ విశ్వవిద్యాలయం పరిశోధించింది. 2003లో వాటిని తిరిగి అక్కడే ఖననం చేశారు. 2006లో ఆ స్థలం జాతీయ స్మారకమైంది. ముందే అడిగి ఉంటే అంత దూరం వచ్చేది కాదు.

రాష్ట్రానికో చట్టం ఉంటుంది గనుక, రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయంలో స్థలాన్ని నమోదు చేయించి, కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) భూమి రికార్డుల్లోనూ శ్మశానమని రాయించాలి. నల్లజాతి శ్మశానాల పరిరక్షణకు 2022లో ఫెడరల్ చట్టం కూడా వచ్చింది.

ఇక శుభ్రం చేయడం. యంత్రాలు లోపలికి రాకూడదు. తీగలను పీకితే రాయీ మట్టీ కలిసి లేస్తాయి, కనుక మొదలు దగ్గర కోసి వదిలేయాలి. పడిపోయేలా ఉన్న చెట్టును నేలమట్టంగా కోసి మోడును అలాగే ఉంచాలి. రాళ్లను నీటితో, మెత్తటి బ్రష్‌తో తప్ప ముట్టుకోకూడదు. బ్లీచింగ్, ఇనుప బ్రష్ రాయినే తినేస్తాయి. ఒరిగిన రాయిని సరిచేసే ముందు నిపుణులను అడగాలి. కనిపించే గుంటల వరుసకు ఆవల కూడా సమాధులు ఉండవచ్చు గనుక కంచెను చాలా దూరం జరిపి వేయాలి. గేటు తాళంచెవి ఒకటి వారసుల దగ్గర ఉండాలి.