ముందు ‘ఎస్’ చూడండి, తర్వాత సంబరపడండి

బ్యాంకులో పాతిక డాలర్లిస్తే ఒక పెట్టెడు సెంట్లిచ్చేవాళ్ళు. యాభై రోల్స్, అంటే రెండున్నర వేల నాణేలు. న్యూజెర్సీ చలికాలంలో శని, ఆదివారాలు నాకదే కాలక్షేపం. అలా దొరికిందే ఓ 1969 ఎస్ సెంటు. భూతద్దం కింద పెట్టగానే తేదీ రెండుగా కనిపించింది. ‘ఎస్’ అంటే శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాల గుర్తు. ఆ ఏడాది అక్కడ కొట్టిన వాటిలో, అచ్చులోనే అక్షరాలు రెండుగా పడ్డ ‘డబుల్డ్ డై’ సెంట్లు వేల డాలర్లు పలుకుతాయి. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. మా ఆవిడైతే వంటగది మార్పించే లెక్కలు మొదలుపెట్టేసింది.

మర్నాడు నాణేల షాపుకి తీసుకెళ్తే అక్కడి పెద్దాయన తేదీ వంక చూడనేలేదు. కింద ఉన్న ‘ఎస్’ ఒక్కటే చూసి, ఖర్చు పెట్టేసుకోమని చేతిలో పెట్టాడు.

ఆయన పట్టుకున్న కిటుకు ఇది. డై అంటే నాణెం కొట్టే ఉక్కు అచ్చు. ఆ అచ్చులోకి బొమ్మని దించే ఉబ్బెత్తు ముద్ర హబ్. అప్పట్లో ఒక్క నొక్కుకి బొమ్మ పూర్తిగా దిగేది కాదు. డైని కాల్చి మెత్తబరిచి మళ్ళీ నొక్కేవాళ్ళు. రెండోసారి పిసరంత పక్కకి తిరిగితే అచ్చులోనే అక్షరాలు రెండుగా పడతాయి. అదీ డబుల్డ్ డై. ‘ఎస్’ని మాత్రం ఆ తర్వాత చేత్తో విడిగా కొట్టేవాళ్ళు. అందుకే అసలైన 1969 ఎస్‌లో తేదీ, ‘లిబర్టీ’, ‘ఇన్ గాడ్ వి ట్రస్ట్’ రెండుగా ఉన్నా ‘ఎస్’ మామూలుగానే ఉంటుంది. నాదాంట్లో అదీ తేదీతో పాటు అదే వైపుకి జరిగి ఉంది. అంటే అచ్చులో దోషం లేదు. ప్రెస్సులో వదులైన డై నాణేన్ని కొట్టాక కాస్త కదిలి, అప్పుడే పడ్డ అక్షరాల అంచుల్ని అణిచేసింది. ఇది మెషీన్ డబ్లింగ్.

పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మా అమ్మ ఇదంతా విని, “ఓస్ ఇంతేనా! ముద్ర వేసేటప్పుడు చెయ్యి కదిలితే ఆ కవరు మీదే అలుక్కుపోతుంది. ముద్రే తప్పుగా చెక్కితే వేసినవన్నీ ఒకేలా తప్పుంటాయి కదరా” అంది. నేను వారం రోజులు చదివింది అదే.

ఈ ‘ఎస్’ పరీక్ష అన్నిటికీ పనికిరాదు. పేరున్న 1955, 1972 డబుల్డ్ డై సెంట్లు ఫిలడెల్ఫియావి, వాటి మీద అసలు టంకశాల అక్షరమే ఉండదు. 1990 నుంచి సెంట్ల మీద అక్షరాన్ని విడిగా కొట్టడం మానేశారు. అప్పుడు ఆకారమే చూడాలి. పదింతలు చూపించే భూతద్దం, ఒకే ఒక్క టేబుల్ ల్యాంపు చాలు. నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూడండి. మెషీన్ డబ్లింగ్ అయితే అక్షరం పక్కన అరుగులాంటి చదునైన మెట్టు తళుక్కుమంటుంది, అసలు అక్షరం ఆ మేరకు సన్నబడుతుంది. నిజమైనదైతే రెండో అక్షరం కూడా గుండ్రంగా, నిండుగా లేచి ఉంటుంది. అక్షరం లావెక్కుతుంది, కొసలు పాము నాలుకలా చీలతాయి. పక్కన అదే ఏడాది మామూలు సెంటు ఒకటి పెట్టుకుంటే లావూ సన్నం ఇట్టే తెలిసిపోతుంది.

1982 తర్వాతి జింకు సెంట్లలో రాగి పూత పగిలి అక్షరాల పక్కన బూడిదరంగు గీత కనిపిస్తే, అది పూత గొడవే. ఇంకా కొత్త నాణేలకు డైని ఒక్కసారే నొక్కుతారు. వాటిలో తేడా వస్తే ఎక్కువగా మధ్యలో వస్తుంది, 1997 సెంటు మీద లింకన్ చెవి తమ్మె రెండుగా పడ్డట్టు. తేదీ ఒక్కటే జరిగిన కొత్త సెంటుని నేను రెండోసారి చూడను.

అన్నట్టు, 1955 సెంటులో చివరి 5 ఒక్కటే నీడలా సాగి ఉంటే అది అరిగిపోయిన డై పని. పదిహేను డాలర్లు పోసి ఆన్‌లైన్‌లో ఒకటి కొన్నాకే నాకీ సంగతి తెలిసింది. అదీ, ఆ 1969దీ ఇప్పుడు నా సొరుగులో ఒకే కవర్లో ఉన్నాయి. కొత్తగా ఏది దొరికినా ముందు ఆ రెంటి పక్కన పెట్టి చూస్తాను.