చిన్న ఎల్‌ఈడీ టార్చిలో వెలుగు పడే తీరును సరిచేసుకునే విధానం

అరచేతిలో ఇమిడే ఎల్‌ఈడీ టార్చిని కొనేటప్పుడు చాలామంది అట్టపెట్టె మీద ఉన్న ల్యూమెన్ల (టార్చి ఇచ్చే మొత్తం వెలుగు కొలత) అంకెను చూస్తారు గాని, ఆ వెలుగు గోడ మీద ఎలా పడుతోందో చూడరు. అంకె ఎంత పెద్దదైనా, వెలుగు నడుమ నల్లటి గుంట ఉన్నా, చుట్టూ వలయాలు తేలినా, ప్రకాశమంతా ఒక పక్కకు ఒరిగినా ఆ టార్చితో నడిచేవారి కళ్లు త్వరగా అలసిపోతాయి. విశాఖపట్నంలో ఈ తేడా బాగా తెలిసి వచ్చేది ఆషాఢ మాసంలో, సింహాచలం గిరి ప్రదక్షిణ జరిగే రాత్రి. దాదాపు 32 కిలోమీటర్ల ఆ దారిలో వీధిదీపం అందని చోట, చెప్పుల్లేని కాలికి ముందున్న గులకరాయి కనిపించాలంటే దూరం దూసుకుపోయే సన్నని చుక్క పనికిరాదు, పాదాల ముందు సమంగా పరచుకునే వెలుగు కావాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నగరాన్ని తాకిన తరువాత కరెంటు లేని రాత్రులను గడిపిన ఇళ్లవారికి కూడా ఈ సంగతి తెలిసే ఉంటుంది. గదిలో వండుకోవడానికి, మందుబిళ్ల వెతుక్కోవడానికి పనికొచ్చేది తీవ్రమైన వెలుగు కాదు, కుదురైన వెలుగు.

ఎల్‌ఈడీ నుంచి వెలుగు ముందువైపు అర్ధగోళంలా వెదజల్లబడుతుంది. అందులో పక్కలకు పోయే భాగాన్ని గిన్నె ఆకారపు రిఫ్లెక్టరు పట్టి ముందుకు మళ్లిస్తుంది, దాని వల్ల నడిమి చుక్క ఏర్పడుతుంది. రిఫ్లెక్టరును తాకకుండా నేరుగా బయటికి వచ్చే భాగం చుట్టూ పలుచగా పరచుకుంటుంది. నడిమి చుక్క నిండుగా రావాలంటే ఎల్‌ఈడీలో వెలిగే ముఖం సరిగ్గా రిఫ్లెక్టరు నాభి (ఫోకస్ బిందువు) దగ్గర ఉండాలి. పెద్ద టార్చిలో అర మిల్లీమీటరు తేడా వచ్చినా పెద్దగా తెలియదు. 20 మిల్లీమీటర్లకు మించని చిన్న రిఫ్లెక్టరులో మాత్రం అదే తేడా గోడ మీద నల్లటి గుంటగా బయటపడుతుంది. కాబట్టి చిన్న టార్చిలో కనిపించే లోపాలలో ఎక్కువ భాగం ఎల్‌ఈడీ నాణ్యత వల్ల రావు, అమరిక వల్ల వస్తాయి. అమరికను మన చేతులతో సరిచేసుకోవచ్చు.

ఏదైనా విప్పే ముందు లోపం ఏమిటో తేల్చుకోవాలి. చీకటి గదిలో మెరుపు లేని తెల్ల గోడకు మూడు నాలుగు మీటర్ల దూరంలో నిలబడి, టార్చిని అతి తక్కువ వెలుగులో ఉంచి చూడాలి. గోడకు జానెడు దూరంలో పెట్టి చూస్తే దాదాపు ప్రతి రిఫ్లెక్టరు టార్చిలోనూ నడుమ గుంట కనిపిస్తుంది, అది లోపం కాదు. ఆ తరువాత టార్చిని చేతిలో మెల్లగా తిప్పాలి. మచ్చ కూడా టార్చితో పాటు తిరిగితే లోపం టార్చిలో ఉన్నట్టు, కదలకుండా ఉంటే అది గోడ సున్నంలో ఉన్నట్టు. పగటి వెలుగులో ఇంకొక పరీక్ష చేయవచ్చు. టార్చిని పూర్తిగా ఆపి, రెండు మీటర్ల దూరంలో నిలబెట్టి, ఒక కన్ను మూసుకుని నేరుగా ఎదురుగా చూడాలి. నాభి కుదిరిన టార్చిలో ఎల్‌ఈడీ మీది పసుపు రంగు రిఫ్లెక్టరు అంతటా నిండినట్టు కనిపిస్తుంది. పసుపు ఒక వలయానికే పరిమితమైతే ఎత్తు కుదరలేదని, ఒక వైపే ఎక్కువగా కనిపిస్తే ఎల్‌ఈడీ మధ్యలో లేదని అర్థం. వెలుగుతున్న టార్చిలోకి మాత్రం, తక్కువ వెలుగులోనైనా సరే, ఇలా చూడకూడదు.

టార్చి తలను విప్పే ముందు సెల్లును తీసి పక్కన పెట్టాలి. ముందు రింగు చేతికి జారుతుంటే పాత సైకిలు ట్యూబు ముక్కను చుట్టి తిప్పితే పట్టు దొరుకుతుంది. మరలకు జిగురు పెట్టి ఉంటే జుట్టు ఆరబెట్టే డ్రయ్యరుతో కాసేపు వేడి చేస్తే వదులవుతుంది. అప్పటికీ రాకపోతే బలవంతం చేయవద్దు. అలాంటి టార్చికి బయటి నుంచి, వెలుగును చెదరగొట్టే ఫిల్ము అంటించుకోవడమే ఉత్తమం. లోపలి రిఫ్లెక్టరు మెరుపు నిజానికి అతి పలుచని అల్యూమినియం పూత. మెత్తటి గుడ్డతో తుడిచినా దాని మీద గీతలు పడతాయి. అందుకే దానిని వేలితో గాని, గుడ్డతో గాని ముట్టుకోకుండా, కెమెరాలకు వాడే రబ్బరు బ్లోయరుతో దుమ్మును ఊదాలి. ఎల్‌ఈడీ మీది మెత్తటి బుడగను కూడా నొక్కకూడదు. ముందరి గాజును మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తుడవవచ్చు. సముద్రపు గాలిలో ఉండే మన నగరంలో ఈ పనిని చిన్నచూపు చూడకూడదు, ఎందుకంటే గాజు లోపలి వైపు పేరుకున్న మసక పొర ఒక్కటే వెలుగును పాలలా చెదరగొట్టగలదు. కొన్ని టార్చిలు ఇంతటితోనే బాగుపడతాయి.

ప్రకాశం ఒక వైపుకు ఒరిగి ఉంటే, ఎల్‌ఈడీ చుట్టూ ఉండే తెల్లటి ప్లాస్టిక్ రింగును చూడాలి. దాని పని రెండు రకాలది. ఎల్‌ఈడీని రిఫ్లెక్టరు రంధ్రానికి సరిగ్గా మధ్యలో నిలుపుతుంది, రిఫ్లెక్టరు లోహపు అంచు కింది సోల్డరు ముక్కలకు తగలకుండా కాపాడుతుంది. ఈ రింగు పగిలినా, పక్కకు జరిగినా, ఎల్‌ఈడీకి వదులుగా ఉన్నా చుక్క ఒరుగుతుంది. ఎల్‌ఈడీ పలకను పట్టి ఉంచే మరలను కాస్త వదులు చేసి, రిఫ్లెక్టరును మెల్లగా పెట్టి అది తనంతట తాను కుదురుకునేలా చేసి, తిరిగి బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. ఫ్యాక్టరీలోనే ఎల్‌ఈడీని పలక మీద వంకరగా సోల్డరు చేసి ఉంటే, వేడిగాలి యంత్రం మీద చేయి తిరిగినవారు తప్ప దాని జోలికి పోకపోవడం మంచిది. రింగు పలుచనైతే సోల్డరు ముక్కల మీద కాప్టన్ టేపు (వేడిని తట్టుకుని కరెంటును ఆపే టేపు) ముక్క అంటించాలి. లేకపోతే లోహం తగిలి షార్టు అవుతుంది, లిథియం సెల్లుతో అది ప్రమాదం. ఈ టేపు, ఆల్కహాలు రెండూ సెల్‌ఫోను మరమ్మతు చేసేవారి దగ్గర ఉంటాయి. జగదాంబ కూడలి చుట్టుపక్కల అడిగితే దొరుకుతాయి.

నడుమ నల్లటి గుంట పడడానికి కారణం ఎత్తు. ఎల్‌ఈడీ నాభికి పైన ఉందా, కింద ఉందా అన్నది ముందుగా తెలుసుకోవాలి. అందుకు సెల్లును తిరిగి వేసి, అతి తక్కువ వెలుగులో టార్చిని వెలిగించి, తలను నేల వైపు వంచి పట్టుకుని, ముందు రింగును పావు చుట్టు చొప్పున వదులు చేయాలి. తల కిందికి ఉండడం వల్ల రిఫ్లెక్టరు గాజుతో పాటు ముందుకు జారి, ఎల్‌ఈడీకి కొద్దికొద్దిగా దూరమవుతుంది. రింగు మర పిచ్ (ఒక పూర్తి చుట్టుకు జరిగే దూరం) 1 మిల్లీమీటరైతే పావు చుట్టుకు పావు మిల్లీమీటరు చొప్పున జరుగుతుందన్నమాట. నేల మీద పడిన వెలుగును గమనిస్తూ ఉంటే, ఒక చోట గుంట మూసుకుపోయి చుక్క నిండుగా వస్తుంది, లేదా గుంట ఇంకా పెద్దదవుతుంది. నిండుగా వస్తే రిఫ్లెక్టరును అంత మేరకు పైకి లేపాలి. పెద్దదైతే రిఫ్లెక్టరు ఇంకా కిందికి దిగాలి. చాలా టార్చిలలో రిఫ్లెక్టరు నొక్కుడు వల్లే ఎల్‌ఈడీ పలక టార్చి ఒంటికి అంటి వేడి దిగుతుంది కాబట్టి, ఈ పరీక్షను కొద్ది సెకన్లలో ముగించాలి.

రిఫ్లెక్టరును పైకి లేపడానికి పారదర్శకమైన ఓహెచ్‌పీ షీటు (ప్రొజెక్టరు కోసం వాడే ప్లాస్టిక్ షీటు) బాగా పనికొస్తుంది. దాని మందం సుమారు 0.1 మిల్లీమీటరు. రింగు ఆకారంలో కత్తిరించి, రిఫ్లెక్టరు కింద ఒక్కొక్క పొరే వేస్తూ, ప్రతిసారీ గోడ మీద చూసుకోవాలి. కిందికి దింపాలంటే ప్లాస్టిక్ రింగును చదునైన గాజు పలక మీద పరచిన సన్నరకం ఉప్పుకాగితంపై గుండ్రంగా రుద్ది పలుచన చేయాలి. రిఫ్లెక్టరు అంచును మాత్రం రుద్దకూడదు, దాని పొడి పూత మీద పడితే అది ఇక బాగుపడదు. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది. పొరలు వేసి లేపిన కొద్దీ ముందు రింగు పూర్తిగా బిగుసుకోదు, నీటిని ఆపే రబ్బరు ఓ-రింగు సరిగా కూర్చోదు, నీరు లోపలికి వెళ్లే దారి ఏర్పడుతుంది. గుంట కొంచెం మిగిలినా సరే, రింగు నిండా బిగిసే మందం దగ్గరే ఆగడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. చేపల వేటకు పడవ మీద తీసుకెళ్లే టార్చి అయితే ఈ విషయంలో రాజీ పడనే కూడదు.

అమరిక అంతా కుదిరినా వలయాలు, గీతలు మిగిలితే అవి నున్నటి రిఫ్లెక్టరు స్వభావం. నారింజ తొక్కలా సన్నని గరుకు ఉన్న రిఫ్లెక్టరు అదే కొలతలో దొరికితే మార్చుకోవచ్చు. దొరకనప్పుడు కిటికీ అద్దాలకు అంటించే ఫ్రాస్టెడ్ ఫిల్ము చాలు. కారు స్టిక్కర్లు వేసేవారి దగ్గర దాని తునకలు మిగులుతూనే ఉంటాయి. ముందుగా గాజు బయట పొగమంచు రంగు సెల్లోటేపు ముక్క అంటించి చూస్తే ఫలితం ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. నచ్చితే ఫిల్మును గాజు కొలతకు కత్తిరించి, సబ్బునీటి చుక్క వేసి బుడగలు లేకుండా పరిచి, పూర్తిగా ఆరిన తరువాతే బిగించాలి. ఎక్కువ వెలుగు ఇచ్చే టార్చిలో, ఎల్‌ఈడీకి చేరువగా ఉన్న ఫిల్ము వేడికి మాడుతుంది కాబట్టి దానిని గాజు బయటి వైపే ఉంచాలి. గాజును గరుకు చేసే స్ప్రేలు, ఉప్పుకాగితం వద్దు. ఫిల్మును వద్దనుకుంటే తీసేయవచ్చు గాని, గరుకు చేసిన గాజు మళ్లీ నున్నబడదు.

ఫిల్ము వేస్తే దూరం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో ఇంట్లోనే కొలుచుకోవచ్చు. ఫోనులోని లక్స్ (ఒక చోట పడే వెలుగు కొలత) యాప్ ఇచ్చే అంకె కచ్చితమైనది కాకపోయినా, అదే ఫోనుతో ముందూ వెనుకా పోల్చుకోవడానికి సరిపోతుంది. 5 మీటర్ల దూరంలో 100 లక్స్ వస్తే, దూరపు వర్గమైన 25తో గుణించగా 2500 క్యాండెలాలు (ఒక దిశలో వెలుగు తీవ్రత కొలత) వస్తాయి. టార్చి కంపెనీలు పాటించే ఎఫ్ఎల్-1 ప్రమాణంలో, వెలుగు 0.25 లక్స్‌కు తగ్గే చోటును దాని దూరంగా లెక్కిస్తారు. ఈ లెక్కన 2500 క్యాండెలాల టార్చి దూరం 100 మీటర్లు. ఫిల్ము వేశాక తీవ్రత సగమైతే దూరం సగం కాదు, సుమారు 71 మీటర్లు ఉంటుంది. ఇంటి అవసరాలకూ, రాత్రి నడకకూ ఈ నష్టం లెక్కలోనిది కాదు. యారాడ కొండ దారిలో దూరపు మలుపు చూసుకోవలసినవారికి మాత్రం అది నష్టమే, వారు ఫిల్ము లేకుండా అమరికతోనే సరిపెట్టుకోవాలి.

చుక్క చుట్టూ పసుపు అంచు కనిపించడం వేరే విషయం. ఎల్‌ఈడీ మీది ఫాస్ఫరు పొరలో ఏటవాలుగా వచ్చే వెలుగు ఎక్కువ దూరం ప్రయాణించడం వల్ల ఆ రంగు వస్తుంది, ఎత్తు మార్చినంత మాత్రాన పోదు. ఫిల్ము మాత్రం రంగులను కలిపి దానిని చాలావరకు మరుగుపరుస్తుంది.

టార్చిని తిరిగి మూయడానికి గాలి పొడిగా ఉన్న వేళను, లేదా ఏసీ గదిని ఎంచుకోవాలి. తేమ గాలిని లోపల బంధిస్తే టార్చి చల్లబడినప్పుడు గాజు లోపల ఆవిరి పడుతుంది. ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాయాలి, కొబ్బరినూనె గాని, వాజెలిన్ గాని వాడకూడదు. బిగించిన తరువాత ఎక్కువ వెలుగులో మూడు నాలుగు నిమిషాలు వెలిగించి తలను తాకి చూడాలి. తల వెచ్చబడితే ఎల్‌ఈడీ వేడి సరిగానే బయటికి వస్తున్నట్టు. తల చల్లగా ఉండి వెలుగు మాత్రం మసకబారుతుంటే, పలకకూ ఒంటికీ మధ్య పట్టు తప్పినట్టే. అప్పుడు వెంటనే ఆపి, విప్పి, పలక అడుగున థర్మల్ పేస్టు రాసి మళ్లీ బిగించాలి.