జేబులో వాతావరణం – 3వ పాఠం: యాప్‌కు పరీక్ష పెడదాం

పోయిన పాఠంలో ఒక ప్రశ్న రాసుకోమన్నాను: వాతావరణం గురించి నాకు నిజంగా తెలియాల్సింది ఏమిటి? ఆ కాగితం ముందు పెట్టుకోండి. "వాన పడుతుందా" అని మాత్రమే రాసి ఉంటే అది సరిపోదు. కల్లంలో మిర్చి ఆరబోసిన రైతుకు కావలసింది ఈ రాత్రి పట్టాలు కప్పాలా వద్దా అన్నది. మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు బండి మీద వెళ్ళేవాళ్ళకు సాయంత్రం ఆరుకూ ఎనిమిదికీ మధ్య ఏం జరుగుతుందో చాలు. మేడ మీద వడియాలు పెట్టేవాళ్ళకు వానకంటే ఎండ, గాలిలో తేమ ముఖ్యం. ముగ్గురికీ ఒకే యాప్ మంచిదని చెప్పడం నా వల్ల కాదు. అందుకే ఈ పాఠంలో పేర్లు తక్కువ, పని ఎక్కువ.

ముందు ఒక చిన్న పని. యాప్ తెరిచి, పైన కనిపించే ఊరు మీదేనా చూడండి. నవ్వకండి. మన దగ్గర రామాపురాలు, కొత్తపల్లులు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. మా చుట్టాలుండే రామాపురంలో వాన కోసం నేను నెల రోజులు వేరే జిల్లా రామాపురాన్ని చూస్తూ కూర్చున్నాను. పైగా "ఈ యాప్ ఒక్కరోజూ నిజం చెప్పదు" అని నలుగురి ముందు తిట్టాను కూడా. తప్పు నాదే, లిస్టులో మొదటి పేరు నొక్కేశాను. పేరు టైప్ చేసి వదిలేయకుండా, వీలుంటే మ్యాప్ మీద మీ చోటు గుర్తుపెట్టండి.

యాప్ వెనక ఎవరు?

ప్లే స్టోర్‌లో వాతావరణం యాప్‌లు లెక్కలేనన్ని ఉంటాయి. కానీ రేపటి వాతావరణాన్ని పెద్ద కంప్యూటర్ల మీద లెక్కగట్టే సంస్థలు ప్రపంచం మొత్తానికీ కొన్నే. జీఎఫ్‌ఎస్ అనే మోడల్ (వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ పద్ధతి) నడిపే అమెరికా వాతావరణ సంస్థ, యూరప్ దేశాల ఉమ్మడి కేంద్రం ఈసీఎండబ్ల్యూఎఫ్, మన వాతావరణ శాఖ, ఇంకా కొన్ని. చాలా యాప్‌లు వీటి లెక్కలనే తెచ్చుకుని, రంగులు, బొమ్మలు అద్ది చూపిస్తాయి. కాబట్టి మూడు యాప్‌లు ఒకే మాట చెబితే ముగ్గురు సాక్షులు దొరికారని అనుకోకండి. మూడూ ఒకే చోట విని వచ్చి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లోనో "అబౌట్" పేజీలోనో డేటా ఎక్కడిదో రాసి ఉంటుంది, చూడండి. ఆ సంగతి ఎక్కడా చెప్పని యాప్‌ను నేనైతే ఫోన్‌లో ఉంచను. విండీ అనే యాప్‌లో అయితే ఏ మోడల్ లెక్క కావాలో మీరే మార్చుకుని, పక్కపక్కన పోల్చుకోవచ్చు.

ఈ మోడళ్ళు భూమిని గళ్ళుగా విడదీసి లెక్క వేస్తాయి. జీఎఫ్‌ఎస్ గడి సుమారు 13 కిలోమీటర్లు, యూరప్‌ది 9. మన వాతావరణ శాఖ 2025 మేలో మొదలుపెట్టిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌ది 6. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో లైను 29 కిలోమీటర్లు. అంటే 13 కిలోమీటర్ల గడితో చూస్తే ఆ దారి మొత్తం రెండు, మూడు గళ్ళలో అయిపోతుంది. ఇక కూకట్‌పల్లిలో కుండపోత, దిల్‌సుఖ్‌నగర్‌లో దుమ్ము అనే మాట ఆ లెక్కలోంచి ఎలా వస్తుంది? యాప్‌లో మీ వీధి పేరు కనిపించినా లోపల ఉన్నది ఆ గడి అంకెలే.

ప్రభుత్వ యాప్‌ల గురించి రెండు మాటలు. వాతావరణ శాఖ అంకెలు, హెచ్చరికల రంగులు నేరుగా కావాలంటే 2020లో వచ్చిన మౌసమ్. వ్యవసాయానికి మేఘదూత్, అందులో సలహాలు మంగళ, శుక్రవారాల్లో మారతాయి. పిడుగులకు దామిని, పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎమ్ తయారుచేసింది. పొలంలో పనిచేసేవాళ్ళ ఫోన్‌లో ఇది తప్పనిసరి. దీనికి మాత్రం పరీక్ష పెట్టొద్దు. మోగితే చెట్టు కింద నుంచి లేచి పక్కా ఇంట్లోకి వెళ్ళిపోండి.

పరీక్ష ఎలా పెట్టాలి

రెండు లేదా మూడు యాప్‌లు, ఒక నోటుబుక్, రెండు వారాలు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఒక్కో యాప్ తర్వాతి 24 గంటలకు ఏం చెబుతోందో రాయండి. మర్నాడు అదే వేళకు నిజంగా ఏం జరిగిందో రాయండి. ఎనిమిదిన్నరే ఎందుకంటే వాతావరణ శాఖ వాన లెక్క ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు. మీ అంకెను వాళ్ళ అంకెతో పోల్చుకోవచ్చు.

వాన కొలవడానికి నిటారు అంచుల స్టీలు డబ్బా, స్కేలు చాలు. బకెట్టు పనికిరాదు, పైన వెడల్పు, కింద ఇరుకు. డబ్బాను చెట్టుకీ గోడకీ దూరంగా, మేడ మీద బయలులో పెట్టండి. లోపల నీళ్ళు ఎన్ని మిల్లీమీటర్ల ఎత్తు నిలిస్తే అంత వాన. ఒక మిల్లీమీటర్ అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. 2.5 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ పడితేనే వాతావరణ శాఖ దాన్ని వాన పడిన రోజు కింద లెక్కేస్తుంది. 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ వర్షం. కల్లంలో మిర్చి ఉన్నవాళ్ళు ఈ 2.5 సంగతి పక్కన పెట్టండి, మీకు నాలుగు చినుకులైనా వానే.

ఇప్పుడు మార్కులు. ప్రతి రోజూ ఈ నాలుగింటిలో ఒకటవుతుంది: చెప్పింది, పడింది. చెప్పింది, పడలేదు. చెప్పలేదు, పడింది. చెప్పలేదు, పడలేదు. నాలుగోదానికి మార్కులు వేయకండి. మే ఎండల్లో "రేపు వాన లేదు" అని గోడ మీద రాసిపెట్టినా చాలా రోజులు నిజమే అవుతుంది. అందుకే పరీక్ష ఎండాకాలంలో కాకుండా, జూన్ తర్వాత నైరుతి వానల్లో పెట్టాలి. కోస్తావాళ్ళు, రాయలసీమవాళ్ళు అక్టోబర్, నవంబర్లలో ఇంకోసారి పెట్టాలి, ఎందుకంటే అప్పటి వాన తీరే వేరు.

రెండోదానికీ మూడోదానికీ ఎన్ని మార్కులు తీసేయాలన్నది మీ ప్రశ్నను బట్టి. వాన చెప్పి పడకపోతే రైతుకు పట్టాలు కప్పిన కష్టం ఒక్కటే దండగ. చెప్పకుండా పడితే ఏడాది పంట రంగు మారిపోతుంది. అతనికి అతిజాగ్రత్త యాప్ మంచిది. రోజూ బట్టలు ఆరేసుకునేవాళ్ళకు అదే యాప్ విసుగు పుట్టిస్తుంది.

శాతాల దగ్గర చాలామంది పొరబడతారు. 30 శాతం అంటే ఊళ్ళో మూడో వంతు తడుస్తుందనో, మూడో వంతు పూట వాన ఉంటుందనో కాదు. ఇలాంటి రోజులు పది వస్తే మూడింట్లో పడుతుందని. అందుకే 30 అన్నరోజు వాన పడితే యాప్‌ను తిట్టకండి. 30 అన్న రోజులన్నీ ఒకచోట రాసి, అందులో ఎన్నిట్లో పడిందో లెక్కపెట్టండి. రెండు వారాలు దీనికి చాలవు, నోటుబుక్ కొనసాగించండి.

వచ్చే పాఠంలో రాడార్ బొమ్మ చదవడం. హైదరాబాద్, మచిలీపట్నం, విశాఖ రాడార్లలో మీకు దగ్గరిది ఏదో ఈలోగా చూసి ఉంచండి. ఇంకోటి, రోజూ కొలిచాక డబ్బాలో నీళ్ళు పారబోయండి. నేను మొదటి వారం మర్చిపోయి, చినుకే లేని రోజున 22 మి.మీ. రాసి, పాపం మూడు యాప్‌లకూ సున్నా వేశాను.